క-భాష పట్టుబడని పిల్లవాడు

వేసవి సాయంత్రం మేడ మీద పిల్లలు చేరితే పెద్దలకు తెలియకుండా ‘క-భాష’ మొదలవుతుంది. ప్రతి అక్షరం ముందూ ఒక ‘క’. ‘నువ్వు రా’ కాస్తా ‘కను కవ్వు కరా’ అవుతుంది. నాలుగు రోజుల్లో గుంపంతా గడగడా మాట్లాడేస్తుంది. ఒక్కోసారి ఒకడు మాత్రం మిగిలిపోతాడు. వాడు కథ చెప్తే అందరూ నోరు తెరుచుకుని వింటారు, కొట్లో చిల్లర లెక్క తప్పడు. కానీ మాటను ముక్కలు చేయమంటే తెల్లమొహం వేస్తాడు. అంత్యాక్షరిలోనూ అంతే, చివరి అక్షరం వాడి చేతికి చిక్కదు.

అదొక్కటే చూసి వాడికి డిస్లెక్సియా, అంటే చదవడం పట్టుబడని ఇబ్బంది, ఉందనేయకూడదు. కానీ పరీక్షకు కూర్చోబెట్టే నిపుణులు వెతికేది సరిగ్గా ఇలాంటిదే.

మాట్లాడటం పిల్లలకు వింటూ వింటూ వచ్చేస్తుంది. చదవడం అలా రాదు. మాటలోని ధ్వనులను విడదీసి, గుర్తులకు ముడిపెట్టి, మళ్లీ కలపాలి. డిస్లెక్సియా ఉన్నవాళ్లలో చాలామందికి తెలివితో, చూపుతో ఇబ్బంది లేదు. చిక్కంతా ఈ విడదీతలోనే. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు వైద్యుడు చదవలేని ఓ పద్నాలుగేళ్ల తెలివైన కుర్రవాడి గురించి రాస్తూ దీన్ని పుట్టుకతో వచ్చిన ‘పదాంధత్వం’ అన్నాడు. దోషం కళ్లదేనన్న అపోహ నేటికీ పోలేదు. ఇంగ్లీషు ‘బి’ని ‘డి’గా తిప్పి రాస్తే చాలు, కొందరు తల్లిదండ్రులు హడలిపోతారు. చదువు మొదలుపెట్టిన కొత్తలో అలా తిప్పి రాయని పిల్లలు అరుదు.

చెన్నైలో తెలుగింటి పిల్లల సంగతి ఇంకాస్త తిరకాసు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. 2006 నాటి రాష్ట్ర చట్టంతో తమిళం బళ్లలో అంచెలంచెలుగా తప్పనిసరి అయింది. తమిళంలో మన ‘క’కూ ‘గ’కూ ఒకటే అక్షరం, చోటును బట్టి పలకాలి. ఇంగ్లీషు ‘సి’ ఒకచోట ‘క’, మరోచోట ‘స’. పిల్లవాడు తమిళంలో తడబడితే ‘ఇంట్లో తెలుగు కదా’ అంటారు. ఇంగ్లీషులో తడబడితే ‘ఇంకా అలవాటు కాలేదు’ అంటారు. తెలుగు చదవడమైతే చాలామందికి నేర్పనే నేర్పరు. ఈ సాకుల్లో రెండు మూడేళ్లు ఇట్టే గడిచిపోతాయి. నిజానికి భాష కొత్తయితే ఆ భాషలో మాట విన్నా అర్థం కాదు. డిస్లెక్సియా అయితే చదివి వినిపిస్తే చక్కగా అర్థమవుతుంది, అదే పేజీ తాను చదవబోతే కూలబడతాడు. నేర్పిన లిపులన్నిటా ఆ ఛాయ ఏదో రూపంలో కనిపిస్తుంది.

దీనికి రక్తపరీక్ష, స్కానింగు లేవు. ముందు చెవులు, కళ్లు చూపించాలి. తర్వాత మనస్తత్వ నిపుణుల దగ్గర కాసేపు ఆటలాంటి పని: ‘కమల’లోంచి ‘క’ తీసేస్తే ఏం మిగులుతుంది? వరసగా ఉన్న బొమ్మల పేర్లు ఎంత త్వరగా చెప్పగలవు? ‘టబిను’ అని చదువు! అర్థం లేని మాట ఎందుకంటే, తెలిసిన మాటను బట్టీతోనో ఊహతోనో గట్టెక్కించవచ్చు. ‘టబిను’ను అక్షరాలు కూడబలుక్కునే చదవాలి. తెలివితేటల పరీక్ష కూడా ఉంటుంది.

ఇంగ్లీషు పిల్లల కోసం చేసిన కొలబద్దలు మనకు సరిపోవు. బెంగళూరులో పనిచేసిన సోనాలి నాగ్ పరిశోధనల్లో కన్నడ పిల్లలకు అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగైదు తరగతుల దాకా పడుతుందని తేలింది. గుణింతాలు, ఒత్తుల బలగం మనకూ అంతే. రెండో తరగతిలో ఒత్తు వదిలేస్తే జబ్బు అంటగట్టడం అన్యాయం. అందుకే మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో ‘డాలి’ అనే పరీక్షల సముదాయాన్ని హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషుల్లో తెచ్చింది. 1, 2 తరగతులకు ఒకటి, 3 నుంచి 5 దాకా మరొకటి, టీచర్లే నింపే పట్టికలున్నాయి. అవి అనుమానం వరకే. తేల్చేది నిపుణుల పరీక్ష.

చెన్నైలో ఇలాంటి పిల్లల కోసం పనిచేస్తున్న పాత సంస్థ మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్. 1990ల తొలినాళ్లలో తల్లిదండ్రులూ దాతలూ కలిసి పెట్టారు. టీచర్లకు శిక్షణ ఇస్తుంది. దాని ‘అనన్య’ కేంద్రంలో పిల్లలు కొంతకాలం చదువుకుని మళ్లీ మామూలు బడికి వెళ్తారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియానూ చేర్చుకుంది, వీలైనంత తొందరగా గుర్తించమంది. వైకల్య ధ్రువపత్రం మాత్రం ఎనిమిదేళ్లకు గానీ రాదు. పేరు తేల్చడానికి ఆ జాగ్రత్త సబబే కావచ్చు. కానీ పత్రం కోసం నేర్పడం ఆపుకోవడం నాకు అర్థం కాదు. ధ్వనులు విడదీసే ఆట, ఇసుకలో అక్షరం దిద్దించడం అయిదో ఏటే మొదలుపెట్టవచ్చు. అవసరం లేని పిల్లవాడికీ వాటివల్ల నష్టమేమీ లేదు.

పరీక్షకు ముందు అడిగే ప్రశ్నల్లో ఇంకొకటుంది: ‘మీ ఇళ్లల్లో ఎవరికైనా చదవడం కష్టమయ్యేదా?’ డిస్లెక్సియా కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి అడుగుతారు. అప్పటిదాకా ‘వీడికి బద్ధకమండీ’ అంటున్న తండ్రి కాస్త ఆగి, తాను పదో తరగతి మూడుసార్లు రాసిన సంగతి చెప్పడం మొదలుపెడతాడు.