పాయింట్ 22 అంటే బొమ్మ తుపాకీ కాదు

"పాయింట్ 22 చిన్నదే కదా, నాలుగైదు కొని కలెక్షన్ పెట్టుకోవచ్చా?" అంటే, నా జవాబు వినండి.

22 అంటే బుల్లెట్ సైజు, సుమారు 5.6 మిల్లీమీటర్లు. శబ్దం తక్కువ, భుజానికి తగిలే దెబ్బ తక్కువ. అందుకే కొత్తవాళ్లకి దీంతో నేర్పుతారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం గెలిచింది కూడా ఈ సైజుతోనే.

కానీ ఈ బుల్లెట్ కిలోమీటరు దాటి వెళ్లగలదు. మనిషి ప్రాణం తీయగలదు. అందుకే రైఫిలైనా, రివాల్వరైనా లైసెన్స్ తప్పనిసరి. మన దేశంలో 2019 చట్ట సవరణ తర్వాత ఒక్కొక్కరికి రెండే తుపాకులు. తాతగారి నుంచి వచ్చినదైనా లెక్కలోకే వస్తుంది. గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్‌లో టార్గెట్ ప్రాక్టీస్‌కి 22 రైఫిల్ వాడే సభ్యులకు మాత్రం ఈ లిమిట్ వర్తించదు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే: ముందు క్లబ్‌లో చేరి నేర్చుకోండి, కొనడం తర్వాత చూద్దాం.