బ్యాటరీ లేని కన్ను

1817లో స్వీడను దేశపు రసాయనవేత్త బెర్జీలియస్ ఒక నూతన మూలకమును కనుగొని, గ్రీకుల చంద్రదేవత పేర దానికి సెలీనియమని నామకరణ మొనర్చెను. చంద్రునిది పరప్రకాశము. ఈ పేరు ఒకనాటికి మరియొక విధముగా సార్థకము కాగలదని ఆయన ఊహించి యుండడు.

1873లో ఇంగ్లండున విల్లోబీ స్మిత్, సెలీనియపు కడ్డీ చీకటిలో కంటె వెలుతురులో విద్యుత్తును ఎక్కువగా ప్రవహింపనిచ్చునని ప్రకటించెను. ఆ విద్యుత్తు బ్యాటరీది. వెలుగు తలుపు తెరచినది, అంతే. 1876లో ఆచార్య ఆడమ్స్, ఆయన శిష్యుడు డే బ్యాటరీని తొలగించి చూచిరి. వెలుగు సోకినంతనే సెలీనియమునుండి విద్యుత్తు వెలువడెను!

నేడు ‘స్వయంశక్తి కాంతిశోధకము’ లనబడునవి ఈ రెండవ వంశమునకు చెందినవి. ఈ పేరు నాకంతగా రుచింపదు. శక్తి దాని సొంతము కాదు, పడిన వెలుగుది. ఈ పేరు విన్న బాలుడు శూన్యమునుండి శక్తి పుట్టునని భ్రమించినచో తప్పు వానిది కాదు.

మర్మమంతయు సంధిలో నున్నది. సంధి యనగానే తెలుగు పంతుళ్ళకు ఉత్వసంధి స్ఫురించుట సహజము. ఇచ్చటను సంగతి యంతయు రెండంచులు కలియు చోటనే జరుగును. సిలికానున ఒక ప్రక్క భాస్వరమును, వేరొక ప్రక్క బోరానును లేశమాత్రముగ చేర్చినచో, ఆ రెండు భాగములు కలియు చోట బ్యాటరీ లేకయే విద్యుత్ క్షేత్రము నెలకొనును. వెలుగు ఒక ఎలక్ట్రానును విడిపింపగా, దానిని ఒక దిక్కునకును, అది వదలిన ఖాళీని ఎదుటి దిక్కునకును ఆ క్షేత్రమే నెట్టును. తీగెతో కలిపినచో అదియే ప్రవాహము.

ఏ కంటికి ఏ వెలుగు కనబడుననునది పదార్థమును బట్టి యుండును. ఎలక్ట్రానును విడిపించుటకు సిలికానున 1.12 ఎలక్ట్రాను వోల్టులు చాలును. కావున అది మనకు కానరాని పరారుణమును గూడ 1100 నానోమీటర్ల వరకు చూడగలదు. జింకు ఆక్సైడుకు, గాలియం నైట్రైడుకు సుమారు 3.4 కావలెను, అవి దృశ్యకాంతిని లెక్కచేయక అతినీలలోహిత కిరణములకే స్పందించును. సుమారు 4.8 కోరు గాలియం ఆక్సైడు కథ ఇంకను చిత్రమైనది. సూర్యకాంతిలో 280 నానోమీటర్లకు లోబడిన కిరణములను ఓజోను పొర దిగమ్రింగును. అందుచే మిట్టమధ్యాహ్నపు ఎండయు ఈ కంటికి చీకటియే! ఆ చీకటిలో ఎచ్చటనైన మంట లేచినచో, దానినుండి వచ్చు ఆ సూక్ష్మకిరణములను మాత్రము ఇది పట్టుకొనును. పెరోవ్‌స్కైటు స్ఫటికములను ద్రావణమునుండి చవుకగా పూతపూయవచ్చును గాని, వానిలో పెక్కింట సీసమున్నది, తేమకును చెడును.

బ్యాటరీ లేకపోవుటకు మూల్యము లేకపోలేదు. బయటి వోల్టేజి తోడైన సంధి మరింత వడిగా స్పందించును. పైగా పుట్టిన విద్యుత్తు అత్యల్పము. దానిని పెంచి చూపు పరికరమునకు తరచు వేరుగా శక్తి కావలసియే యుండును. అయినను చీకటిలో వృథాగా పారు విద్యుత్తు తక్కువగుట దీనియందలి గొప్ప సుగుణము.

పాఠశాలలో దీనిని చూపుటకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. ఎర్రని ఎల్.ఇ.డి. దీపము కూడ ఒక సంధియే. దాని రెండు కాళ్ళను మల్టీమీటరుకు తగిలించి ఎండకు త్రిప్పినచో వోల్టేజి కనబడును; అరచేయి అడ్డుపెట్టగనే అంకె పడిపోవును.