కాంతి వర్ణాలు – కీటక ప్రవర్తన: పల్నాటి మిరప సాగు నేపథ్యం

ఉపోద్ఘాతం:

రాత్రివేళ వంటింట్లో దీపం వెలిగించగానే బొద్దింకలు గట్టు కిందికీ, తూములోకీ పరుగెత్తడం అందరూ చూసినదే. వానకాలంలో అదే దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి. వెలుగుకు అన్ని పురుగులూ ఒకే విధంగా స్పందించవు. వెలుగు రంగు మారితే ఒకే పురుగు ప్రవర్తన కూడా మారుతుంది. ఈ విషయం 2021 చివరి నుంచి పల్నాటి మిరప రైతుకు పంట దక్కుతుందా లేదా అన్న ప్రశ్నతో ముడిపడింది.

బొద్దింక కంటికి కనిపించే రంగులు:

మనిషి కంటిలో మూడు రకాల వర్ణగ్రాహక కణాలుంటాయి. మురుగు కాలువల్లో తిరిగే పెద్ద బొద్దింక (పెరిప్లానెటా అమెరికానా) సంయుక్త నేత్రంలో ఉన్నవి రెండు రకాలే. మోట్, గోల్డ్‌స్మిత్ అనే శాస్త్రవేత్తలు 1970లో ఆ కణాల విద్యుత్ స్పందనలను నమోదు చేసి ఈ సంగతిని వెల్లడించారు. వాటిలో ఒక రకం 365 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతికి, రెండవది 507 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతికి గరిష్ఠంగా స్పందిస్తాయి. ఎరుపు దానికి దాదాపు చీకటితో సమానం. అందువల్లనే ప్రయోగశాలల్లో బొద్దింకల రాత్రి సంచారాన్ని మసక ఎర్ర దీపం కింద పరిశీలిస్తారు. వంటింట్లో ఎర్ర బల్బు పెడితే అవి పారిపోతాయనుకోవడం ఈ కారణంగా పొరపాటు. తెల్లని వెలుగుకు పారిపోయినవి కూడా చావవు, పగుళ్లలోకి చేరి మళ్లీ చీకటి పడ్డాక బయటికి వస్తాయి. కాంతి పురుగు కదలికను మారుస్తుందే గాని సంఖ్యను తగ్గించదు. ఇంటి విషయంలో ఈ తేడాను మరచినా పెద్ద నష్టం లేదు. పొలంలో అలా కాదు.

మిరప తోటలో పసుపు, నీలం:

నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో మిరప ప్రధాన వాణిజ్య పంట. మాచర్ల, గురజాల ప్రాంతాల రైతులకు తామర పురుగు కొత్త కాదు. ఆకులను పైకి ముడిచే పాత తామర పురుగు (స్కిర్టోత్రిప్స్ డోర్సాలిస్) వారికి చిరకాలంగా తెలుసు. 2021 చివర విరుచుకుపడినది వేరొక జాతి. ఆగ్నేయాసియాకు చెందిన నల్ల తామర పురుగు (థ్రిప్స్ పార్విస్పైనస్) మన దేశంలో తొలిసారి 2015లో బెంగళూరులో బొప్పాయి మీద నమోదైంది. ఇది ప్రధానంగా పూలలో చేరుతుంది. పుప్పొడిని తిని, పూభాగాలను గీరి రసం పీలుస్తుంది. పూత రాలిపోతుంది, పిందె నిలవదు. ఆ సీజనులో తెలుగు రాష్ట్రాల్లో ఎందరో రైతులు మందుల మీద మందులు కొట్టి, చివరికి తోటలనే పీకివేశారు.

నీలి రంగు జిగురు అట్టలు ఊరూరా కనిపించడం ఆ తరువాతి మాట. తెల్లదోమకు పసుపు అట్టలు అంతకు ముందే వాడుకలో ఉన్నాయి. తెల్లదోమ పసుపు వైపు, నీలి–అతినీలలోహిత కాంతి వైపు ఆకర్షింపబడుతుందని 1962లో మౌండ్ చూపారు. లేత ఆకు నుంచి పరావర్తనం చెందే కాంతిలో ఆకుపచ్చ–పసుపు భాగమే అధికం. పసుపు అట్ట అదే భాగాన్ని మరింత గాఢంగా పంపుతుంది కనుక తెల్లదోమ దృష్టిలో అది ఆకును మించిన ఆకు. పూలను వెతికే తామర పురుగులకు నీలం ఆ విధంగా పనిచేస్తుంది. కల్లంలో ఆరబోసిన పండు మిరప ఎరుపు కొనుగోలుదారును ఆకర్షించవచ్చు గాని, ఈ పురుగుల లోకంలో ఆ రంగుకు విలువ తక్కువ.

అట్ట పరిమితి:

అట్టకు అంటుకునేవి రెక్కలున్న పెద్ద పురుగులే. గుడ్లు మొక్క కణజాలం లోపల ఉంటాయి. రెక్కలు లేని పిల్ల పురుగులు పూలలోనే ఉండిపోతాయి. ప్యూపా దశ ఎక్కువగా నేలలోనో, రాలిన ఆకుల్లోనో గడుస్తుంది. అట్ట నల్లబడేంతగా పురుగులు పడ్డాయని సంతోషించిన రైతు, ఆ సమయానికి పూలలో ఉన్నవాటిని లెక్కలోకి తీసుకోకపోతే నష్టపోతాడు. అట్ట అసలు ప్రయోజనం కనిపెట్టడంలో ఉంది. పూత మొదలుకాక ముందే అమర్చి, కొద్దిరోజులకోసారి పడిన పురుగులను లెక్కిస్తే ఉధృతి ఏ వారం పెరుగుతున్నదో తెలుస్తుంది. సంఖ్య పెరిగిన వెంటనే పూలను తెల్లకాగితంపై దులిపి చూడాలి. మందు కొట్టే నిర్ణయం ఆ పరిశీలన మీద ఆధారపడాలి. మితిమీరిన పిచికారీలు తామర పురుగులను తినే మిత్రపురుగులను కూడా చంపుతాయి కాబట్టి ఈ జాగ్రత్త ఖర్చుకు మాత్రమే సంబంధించినది కాదు.

అట్టను పైరు తలలకు కొంచెం ఎత్తున కట్టాలి, పైరు పెరిగేకొద్దీ పైకి జరపాలి. ఆకుల మధ్య మునిగిపోయిన నీలం దూరానికి కనిపించదు. దుమ్ము పేరుకుంటే జిగురు పట్టు సడలడమే కాక, పరావర్తన కాంతి కూడా మారుతుంది. అటువంటి అట్ట మన కంటికి ఇంకా నీలంగానే తోచవచ్చు, పురుగుకు మాత్రం అది వేరే వస్తువు. నీలం తేనెటీగలకు కూడా ప్రియమైన రంగు. వాటి ఈగలు అట్టపై పడుతున్న తోటలో అట్టల సంఖ్యను లెక్కకు చాలినంతకే పరిమితం చేయడం మేలు.