గొట్టం లోపల చూడండి!

రేసు బైకు వెనక నీలం, ఊదా, బంగారు రంగులు కలగలిసి నిగనిగలాడే సైలెన్సర్ గొట్టం కనిపిస్తే కుర్రకారు చూపు తిప్పుకోలేరు. టైటానియం వేడెక్కితే వచ్చే రంగులవి. గొట్టం మీద ఆ నీలం ఉంటే అందం. అదే నీలం అతుకు మీద తేలితే మాత్రం వెల్డరు గుండె గుభేలుమంటుంది!

స్టీలు ఉండగా టైటానియం ఎందుకు? బరువు కోసం. ఒక ఘన సెంటీమీటరు స్టెయిన్‌లెస్ స్టీలు దాదాపు 8 గ్రాములు తూగితే, టైటానియం నాలుగున్నర గ్రాములే. పైగా తుప్పు పట్టదు. మాజీ బైక్ రేసర్ ఇగోర్ అక్రపోవిచ్ 1990లో స్లొవేనియాలో మొదలుపెట్టిన కంపెనీ ఈ గొట్టాలతోనే రేసు ప్రపంచంలో పేరు తెచ్చుకుంది. 2001లో షెవర్లే కార్వెట్ జెడ్06 కారు కంపెనీ నుంచే టైటానియం ఎగ్జాస్ట్‌తో వచ్చింది.

రెడీమేడ్ వద్దు, నా బండికి సరిపోయేలా విడిగా చేయించుకుంటానంటే అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ముందు సరుకు దొరకాలి. ఎగ్జాస్ట్‌కు ఎక్కువగా వాడేది గ్రేడ్-2... అంటే దాదాపు స్వచ్ఛమైన టైటానియం. మిల్లీమీటరు అటూ ఇటూ మందం ఉన్న గొట్టం చాలు. అమ్మేవాళ్లు అడుగుల లెక్కన కోసి ఇస్తారు. ఏ గ్రేడు, ఏ బ్యాచి అన్నది చెప్పే మిల్లు సర్టిఫికెట్ అడిగి తీసుకోవడం పనివాళ్ల అలవాటు. తుక్కులో చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే అది ఏ లోహమో తేల్చుకోవడం పెద్ద పని. అయస్కాంతం అంటుకోనంత మాత్రాన టైటానియం అయిపోదు, చాలా రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకూ అంటుకోదు. గ్రైండర్‌కు ఆనిస్తే గుట్టు తెలుస్తుంది. టైటానియం అయితే కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్లటి నిప్పురవ్వలు చిమ్ముతుంది.

తిన్నటి గొట్టం తేలికే. మలుపే కష్టం. వంచితే మళ్లీ వెనక్కి లేస్తుంది, మొండికేస్తే చిట్లుతుంది. కావలసిన మలుపు రెడీగా దొరక్కపోతే గొట్టాన్ని ఏటవాలు ముక్కలుగా కోసి, ఒకదానికొకటి అతికిస్తూ తిప్పుకు రావాలి. ఒక్కోటి 15 డిగ్రీల ముక్క అనుకుంటే 90 డిగ్రీల మలుపుకు ఆరు ముక్కలు కావాలి. రెండు కొసలూ కలిపితే ఏడు అతుకులు. రెండంగుళాల గొట్టమైతే ఆ ఒక్క మలుపుకే మీటరుకు పైగా వెల్డింగ్!

గాలే శత్రువు

టైటానియం 1668 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అంత వేడిలో దానికి విపరీతమైన దాహం. గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను గటగటా తాగేస్తుంది. తాగిన అతుకు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది కానీ పెళుసైపోతుంది. ఇంజిన్ అదురుకు ఏదో ఒకరోజు పుటుక్కుమంటుంది. అందుకే టిగ్ వెల్డింగ్‌లో టార్చ్ నుంచి ఆర్గాన్ వాయువు వదులుతారు. సుమారు 430 డిగ్రీల కిందికి చల్లారేదాకా టార్చ్‌ను అక్కడి నుంచి కదపరు.

పైన కాపాడితే సరిపోదు, లోపలా కాపాడాలి. గొట్టం రెండు కొసలూ మూసి ఆర్గాన్ నింపుతారు. అది గాలికన్నా బరువు కాబట్టి కింది నుంచి ఎక్కిస్తారు. లోపలి గాలి పోవడానికి పైన చిన్న రంధ్రం వదులుతారు. ఇక శుభ్రత సంగతి చెప్పనే అక్కర్లేదు. అసిటోన్‌తో తుడుస్తారు. స్టీలు మీద వాడిన బ్రష్‌ను దీని మీద వాడరు. చేతి జిడ్డు కూడా అంటకూడదు!

ఇదంతా చాదస్తం అనిపించొచ్చు. అమెరికాలోని బర్బ్యాంక్‌లో లాక్‌హీడ్ ఇంజినీర్లకు ఎదురైన అనుభవం వింటే అలా అనిపించదు. 1960ల్లో వాళ్లు టైటానియంతో ఎస్ఆర్-71 గూఢచారి విమానాలు తయారుచేశారు. అందుకు కావలసిన లోహంలో కొంత తమ ప్రత్యర్థి సోవియట్ యూనియన్ నుంచే బినామీ కంపెనీల ద్వారా కొనుక్కోవలసి వచ్చింది! అంత తిప్పలుపడి తెచ్చిన లోహంతో చలికాలంలో వెల్డింగ్ చేసిన రెక్కల పలకలు బాగానే ఉండేవి. వేసవిలో చేసినవి మాత్రం త్వరగా పాడయ్యేవి. ఎందుకో ఎంతకీ అంతుపట్టలేదు. చివరికి దొంగ దొరికింది... కుళాయి నీళ్లు. వేసవిలో పాచి పట్టకుండా ఊరి నీళ్లలో క్లోరిన్ ఎక్కువ కలిపేవారు. ఆ నీళ్లతోనే విడిభాగాలు కడిగేవారు. అప్పటి నుంచి డిస్టిల్డ్ వాటర్‌కు మారారు.

ఈ లోహం మనకేం కొత్త కాదు. ఖనిజం శ్రీకాకుళం తీరం ఇసుకలో ఉంది. కేరళలోని చవరలో 2011లో మొదలైన టైటానియం స్పాంజ్ కర్మాగారానికి పరిజ్ఞానం ఇచ్చింది హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, డీఎంఆర్ఎల్. టైటానియం మిశ్రలోహాలు తయారుచేసే మిధాని కూడా ఇక్కడిదే. కాకపోతే ఆ సరుకు ప్రధానంగా వెళ్లేది రాకెట్లకూ రక్షణ రంగానికీ.

మన బజార్లలో దొరికే ‘టైటానియం’ సైలెన్సర్లు చాలావరకు నీలిరంగు ఎక్కించిన స్టెయిన్‌లెస్ స్టీలువే. అసలైనదే కొన్నా, వీధిలో మోత పుట్టిస్తూ తిరిగితే పోలీసులు ఊరుకోరు. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ ప్రకారం బండిలో అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

రేసు ట్రాక్ కోసమే చేయించుకునేవాళ్లు అతుకులను వరసగా చూసుకోవాలి. వెండిలా మెరిస్తే భేష్. లేత గడ్డిరంగు ఉన్నా ఫర్వాలేదు. నీలం దిగితే అనుమానించాలి. బూడిదరంగు, దాని మీద తెల్లటి పొడి కనిపిస్తే ఆ ముక్క కోసి పారేయాల్సిందే. పైపైన బ్రష్ కొట్టి రంగు పోగొట్టే ఘనులూ ఉంటారు. అందుకే టార్చ్‌లైట్ వేసి గొట్టం లోపల చూడాలి. అక్కడిదాకా బ్రష్ వెళ్లదు.