మట్టి గుట్టకూ ఖాళీ దుక్కికీ ఒకటే అంకె: మన చేనులో వాన ఎంత ఆగుతది?



రామగుండం, గోదావరిఖని చుట్టుపక్కల వానాకాలం వచ్చిందంటే అందరి చూపూ సింగరేణి ఓపెన్‌కాస్టుల పక్కన పోసిన మట్టి గుట్టల మీదే ఉంటది. ఆ గుట్టల మీద పడ్డ వాన ఆగదు, మట్టిని కోసుకుంటూ కిందికి దిగుతది. ఇది అందరికీ తెలిసిందే. మరి మన చేను మీద పడ్డ వాన సంగతేంది? వీడియోలో చెప్పిన లెక్కనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పడ్డ వానలో ఎంత పారిపోతుందో అంచనా కట్టడానికి ఇంజినీర్లు 'కర్వ్ నంబర్' పద్ధతి వాడతారు. 1950లలో అమెరికా నేల సంరక్షణ శాఖ తయారు చేసిన ఈ పద్ధతిని మన దగ్గర వాటర్‌షెడ్ పనుల్లో కూడా వాడతారు. ఇందులో రెండు సంగతులు చూస్తారు. మొదటిది నేల రకం. నీళ్లు బాగా ఇంకే నేల 'ఏ', చాలా తక్కువ ఇంకేది 'డి'. మన నల్లరేగడి సాధారణంగా 'డి' కిందికే వస్తది. రెండోది నేల మీద ఏమున్నదనేది: అడవి, గడ్డి, పంట, ఖాళీ దుక్కి, రోడ్డు. ఈ రెండింటినీ బట్టి పట్టికలో ఒక అంకె ఉంటది. అంకె 100కు దగ్గరైన కొద్దీ నీళ్లు ఎక్కువ పారిపోతయి. తారు రోడ్డుకు 98.

'డి' నేలలో కొత్తగా చదును చేసిన, గడ్డి మొలవని మట్టికి 94. దున్ని ఖాళీగా వదిలేసిన చేనుకు కూడా 94 మాత్రమే! ఏటవాలు వల్ల గుట్ట మీద కోత ఎక్కువ ఉంటది గానీ, పట్టిక లెక్కలో రెండూ ఒకటే.

నల్లరేగడిలో 100 మిల్లీమీటర్ల వాన పడితే పారిపోయేది సుమారుగా:

- ఖాళీ దుక్కి (94): 83 మి.మీ.
- పంట చెత్త బాగా కప్పిన దుక్కి (90): 73
- నేరుగా సాళ్లు వేసిన మంచి పంట (89): 70
- వాలుకు అడ్డంగా సాళ్లు, గట్లు ఉన్న మంచి పంట (81): 53
- ఒత్తుగా పెరిగిన గడ్డి (80): 51
- మంచి అడవి (77): 45

ఎకరంలో ఒక మిల్లీమీటరు అంటే దాదాపు 4,000 లీటర్లు. ఖాళీ దుక్కికీ అడ్డం సాళ్లు, గట్లు ఉన్న చేనుకూ తేడా 30 మి.మీ., అంటే ఎకరానికి 1,20,000 లీటర్లు. నేల ముందే తడిసి ఉంటే పారిపోయేది ఇంకా పెరుగుతది.

పత్తి పెట్టే జూన్‌లోనే మన చేన్లు ఖాళీగా ఉంటయి. అందుకే ఈ పనులు చేద్దాం:

1. పత్తి కట్టె కాల్చొద్దు. ముక్కలు చేసి ఆచ్ఛాదనగా పరవాలె.
2. తడి దొరికితే పత్తికి ముందు నవధాన్యాలు చల్లాలె.
3. సాళ్లు వాలుకు అడ్డంగా తీయాలె. రేగడిలో నీళ్లు నిలిస్తే పత్తి దెబ్బతింటది కాబట్టి సాలుకు కొద్దిపాటి వాలు ఉంచాలె.
4. గెట్ల మీద గడ్డి పెంచాలె. ఎగువ గుట్ట నుంచి వచ్చే నీళ్లను చేనులో కట్టేస్తే గట్టు తెగుతది. గడ్డి పెంచిన కాలువ గుండా కుంటలోకి మళ్లించాలె.

నేల రకం మన చేతిలో లేదు. దాని మీద ఏముండాలో మాత్రం మన చేతిలోనే ఉంది. తొలకరికి ముందే కప్పి పెట్టండి.