కాగితం చదివిన తర్వాతే దుఆ

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ దేనిని గురించినదని మా విద్యార్థులను ప్రతి సంవత్సరం అడుగుతూ ఉంటాము. నమాజ్ గురించి అని కొందరు, ఉపవాసాల గురించి అని కొందరు జవాబిస్తారు. అది బఖరా సూరాలోని 282వ ఆయత్. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు షరతులను గడువుతో సహా వ్రాసుకోవాలనీ, సాక్షులను పెట్టుకోవాలనీ బోధించే ఆయత్ అది. నమ్మకం ఉన్నచోట కాగితం ఎందుకని మనం అంటాము. నమ్మకం చెడిపోకుండా ఉండేందుకే కాగితమని ధర్మం చెబుతున్నది.

ఈ పాఠాన్ని పాతికేళ్ళకు పైగా బోధిస్తూ వచ్చిన మేమే ఒకసారి దానిని విస్మరించాము. ఆ సంగతిని దాచకుండా చెప్పడమే ఈ వ్యాసానికి ఆరంభం.

మాది రాయచోటి ప్రాంతం. కువైట్‌కు మనిషిని పంపని వీధి ఇక్కడ అరుదు. కొన్నేళ్ళ క్రితం ఒక తండ్రి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా మదర్సాకు వచ్చాడు. "హజ్రత్! రేపే ప్రయాణం, దుఆ చేయండి" అన్నాడు. డ్రైవర్ ఉద్యోగమనీ, నెలకు 120 దీనార్లనీ, దగ్గరి బంధువే వీసా ఇప్పించాడనీ సంతోషంగా చెప్పాడు. వీసా కాగితం కుర్రవాడి చేతిలోనే ఉంది. అది అరబీలో ఉంది. అరబీ చదవగలిగినవారము ఆ గదిలో మేము ఒక్కరమే. అయినా చేయి చాచి ఆ కాగితం అడగలేదు. దుఆ చేసి పంపివేశాము.

ఆ కాగితంలో వృత్తి గడిలో "రాయీ అగ్నామ్" అని ఉన్నదట. అంటే గొర్రెల కాపరి. కుర్రవాణ్ణి విమానాశ్రయం నుండి నేరుగా ఎడారిలోని మందల వద్దకు తీసుకువెళ్ళారు. పాస్‌పోర్ట్ కఫీల్ చేతికి పోయింది. చెప్పిన జీతంలో సగం కూడా రాలేదు. పద్నాలుగు నెలల తర్వాత అక్కడి నుండి పారిపోయి, అఖామా లేని మనిషిగా దొంగచాటున పనులు చేసుకున్నాడు. 2018 ఆరంభంలో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాస్ మీద ఇల్లు చేరాడు. వీసా కోసం తండ్రి లక్షన్నర రూపాయలు అప్పు చేశాడు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 4,500 రూపాయలు వడ్డీకే. అల్లాహ్ నిషేధించిన వడ్డీతో మొదలైన ఆ ప్రయాణం తల్లి నగలతో ముగిసింది.

ఆ ఇంటివారు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అదే మమ్మల్ని ఎక్కువ బాధించింది.

చట్టం ఏమంటున్నది?

విదేశాలకు కార్మికులను పంపే వ్యాపారానికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉన్నది. విదేశాంగ శాఖలోని ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ వద్ద నమోదు చేసుకున్న ఏజెంటుకు మాత్రమే మనుషులను పంపే అధికారం ఉంటుంది. అతని లైసెన్సు నంబరు నిజమైనదో కాదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఊళ్ళలో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో స్థానమే లేదు. లైసెన్సు ఉన్న ఏజెంటు సైతం కార్మికుడి నుండి తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు అడగండి. రసీదు ఇవ్వనంటే ఆ మనిషి ఎటువంటివాడో అక్కడే తెలిసిపోతుంది.

పదవ తరగతి పాసు కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్ట్ వస్తుంది. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు వీరు ఉద్యోగానికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దీనిని అడ్డంకిగా భావించి చాలామంది విజిట్ వీసాపై వెళ్ళిపోతారు. వాస్తవానికి ఇది కార్మికుడికి కవచం. కాంట్రాక్టు ఉన్నదా, జీతం ఎంత, యజమాని ఎవరు అన్నవి క్లియరెన్స్ సందర్భంలోనే నమోదవుతాయి. విజిట్ వీసాపై పనిచేయడం ఆ దేశాల చట్టం దృష్టిలో నేరం. జీతం ఎగవేసినా అటువంటివాడు ఫిర్యాదు చేయడానికే భయపడతాడు. "ఆజాద్ వీసా" అనే మాట కూడా బజారులో పుట్టినదే. ఒక యజమాని పేరున వెళ్ళి మరొకరి వద్ద పనిచేయడం అక్కడ చట్టవిరుద్ధం.

క్లియరెన్స్‌తో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు అందుతాయి. బీమా విషయంలో సందేహం ఉన్న సోదరులు ఇది చట్టం విధించిన షరతు అన్న సంగతిని గమనించాలి.

సోదరీమణుల విషయంలో

మన ప్రాంతం నుండి ఇంటిపనికి వెళ్ళే స్త్రీలు తక్కువేమీ కాదు. ఈసీఆర్ పాస్‌పోర్ట్‌పై ఆ 18 దేశాలకు వెళ్ళే స్త్రీకి కనీసం 30 ఏళ్ళు నిండి ఉండాలి. నియామకం కూడా ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అటువంటి సంస్థలు. వయసు దిద్ది పంపే వ్యక్తి మేలు చేస్తున్నట్లు కనిపించినా, రేపు కష్టం వచ్చినప్పుడు ఆమె నోరు విప్పే దారిని ముందే మూసివేస్తున్నాడు.

కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి వారానికొక సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏటా జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. యజమాని పాస్‌పోర్ట్ తన వద్ద ఉంచుకోవడాన్ని నిషేధించింది. అమలు ప్రతి ఇంటిలోనూ ఒకేలా ఉండదన్నది నిజమే. అయితే హక్కు ఉన్నదని తెలియని మనిషి దానిని అడగనే అడగదు.

చేతిలో పని ఉన్నవాడు

ఒకే కంపెనీలో హెల్పర్‌గా చేరినవాడికీ, ఏసీ మెకానిక్‌గా చేరినవాడికీ జీతంలో ఎంత తేడా ఉంటుందో గల్ఫ్ నుండి వచ్చిన ఎవరిని అడిగినా చెబుతారు. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వంటి వృత్తులకు సౌదీ అరేబియా ఇప్పుడు మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెడుతున్నది. కనుక వీసాకు పెట్టదలచిన అప్పులో కొంత భాగమైనా ముందు చేతికి పని నేర్పడానికి ఖర్చు చేయడం వివేకం. ఐటీఐలు ఉన్నాయి. భవన నిర్మాణ పనులకు న్యాక్ ఉన్నది. మేస్త్రీ దగ్గర ఏళ్ళ తరబడి పని నేర్చి సర్టిఫికెట్ లేనివారికి, ఉన్న నైపుణ్యాన్నే పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ పథకమూ ఉన్నది.

ఇక్కడ మా వైపు లోపాన్నీ ఒప్పుకోవాలి. మా మదర్సాలో చదివిన ఎందరో పిల్లలు పదవ తరగతి పరీక్ష వ్రాయలేదు. ఇప్పుడు ఓపెన్ స్కూల్ ద్వారా వ్రాయిస్తున్నాము. మేము నేర్పే గ్రంథాల అరబీ వేరు, కువైట్ బజారులో మాట్లాడే అరబీ వేరు. వెళ్ళేవారికి జీతం, సెలవు, ఆసుపత్రి, పోలీసు, నొప్పి వంటి నిత్యావసరమైన మాటలను ప్రత్యేకంగా నేర్పుతున్నాము. ప్రభుత్వం ఇచ్చే ఒకరోజు ఉచిత శిక్షణకు వెళ్ళి రమ్మని కూడా చెబుతున్నాము.

ఇంటిలో చేయవలసినది

ప్రయాణానికి ముందు పాస్‌పోర్ట్, వీసా, కాంట్రాక్టు, ఏజెంటు రసీదు, బీమా పత్రం నకళ్ళు ఇంటిలో ఒక కవరులో భద్రపరచండి. కాంట్రాక్టులో వృత్తి, జీతం, పనిగంటలు, వసతి, తిరుగు టికెట్టు అన్న అయిదు విషయాలను తెలిసినవారితో చదివించుకోండి. కష్టం వచ్చినప్పుడు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉన్నాయి. నిస్సహాయులను స్వదేశం చేర్చడానికీ, మృతదేహాలను తరలించడానికీ భారత రాయబార కార్యాలయాల వద్ద సంక్షేమ నిధి ఉన్నది. ఆ కవరులోని నకళ్ళు చేతిలో ఉంటే వీటిలో ఏ తలుపు తట్టినా పని త్వరగా కదులుతుంది.

ఆ కుర్రవాడు తిరిగివచ్చిన నాటి నుండి మేము ఒక నియమం పెట్టుకున్నాము. ప్రయాణానికి దుఆ కోరి వచ్చినవారిని ముందు కాగితం అడుగుతాము. ఆదివారం అస్ర్ నమాజ్ తర్వాత అరబీ కాగితాలను ఉచితంగా చదివి తెలుగులో చెబుతాము. ముస్లిం, ముస్లిమేతరుడు అన్న భేదం చూడము. గత సంవత్సరం ఒక తండ్రి కంపెనీ ఉద్యోగమని తెచ్చిన వీసాలో ఇంటి పనివాడని ఉన్నది. అతను మొదట కినుక వహించాడు. "హజ్రత్, ఇచ్చినవాడు మా తోడల్లుడే, నమ్మకస్తుడు" అన్నాడు. "అయితే ఆ మాటనే వ్రాసి ఇమ్మని అడుగు" అన్నాము. తోడల్లుడు వ్రాసి ఇవ్వలేదు. ఇచ్చిన డబ్బులో కొంత తిరిగివచ్చింది, కొంత పోయింది. కుర్రవాడు ఇప్పుడు ఏసీ పని నేర్చుకుంటున్నాడు. ఇంకా ఎక్కడికీ వెళ్ళలేదు.

మసీదు ఇమాములకూ, మదర్సా ఉపాధ్యాయులకూ మా విన్నపం ఒక్కటే. మనకు అరబీ చదవడం వచ్చు. అది మన దగ్గరున్న అమానత్. ఊరు విడిచి వెళ్ళే బిడ్డ కోసం చేతులెత్తే ముందు, అతని చేతిలోని కాగితాన్ని ఒకసారి అడిగి చదువుదాము. అల్లాహ్ మన బిడ్డలందరినీ క్షేమంగా పంపి, క్షేమంగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్.