గోడ ఉన్న కణమే ముందు దొరికింది

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివేవాళ్లను అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తారు: మొక్క కణానికి కణకవచం, పెద్ద రిక్తిక, హరితరేణువులు ఉంటాయి, జంతు కణానికి ఉండవని. మొన్న క్లాసులో ఒకమ్మాయి ఇంకోటి అడిగింది: "సార్, రాబర్ట్ హుక్ కార్కు బదులు మాంసం ముక్క కోసుంటే?"

కణం దొరికేది కాదు. కాంతి వంగిన చోటే సూక్ష్మదర్శినిలో గీత కనబడుతుంది. జంతు కణం నీళ్లలో నీటిబొట్టు లాంటిది. దాని పలుచని పొర దగ్గర కాంతి పెద్దగా వంగదు. స్కూల్లో ఉల్లిపొర ఊరికే కనబడి, చెంప కణాలకు మిథిలీన్ బ్లూ కావాల్సి వచ్చేది ఇందుకే. 1665లో హుక్ కార్కులో చూసినవి కూడా కణాలు కావు, ఎప్పుడో చచ్చిన కణాల గోడలు.

హుక్‌ది రెండుమూడు కటకాల గొట్టం. ఒక కటకం చేసిన తప్పును రెండోది పెంచుతుంది, అంచులకు రంగులు పూస్తుంది. డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ ఒకే కటకంతో సరిపెట్టాడు. లెక్క తేలిక: కంటికి హాయైన దూరం 250 మి.మీ.; దాన్ని నాభ్యంతరంతో భాగించాలి. సుమారు 1.3 మి.మీ. వ్యాసమున్న గాజుపూసకు నాభ్యంతరం 1 మి.మీ., అంటే 250 రెట్లు! పూస చిన్నదైనకొద్దీ బలం పెరుగుతుంది, కన్ను దానికి ఆనించాల్సి వస్తుంది. యూట్రెక్ట్‌లో మిగిలిన లీవెన్‌హుక్ కటకం 266 రెట్లు చూపిస్తుంది. తమాషా ఏమిటంటే, గాజుపూస చేసే పద్ధతి హుక్ తన పుస్తకం ముందుమాటలోనే రాశాడు. కళ్లు లాగుతాయని తానే పక్కన పెట్టాడు. లీవెన్‌హుక్ కళ్లు ఓర్చుకున్నాయి. 1674లో ఆయన రక్తకణాలను వర్ణించాడు. జంతు కణాలే, కానీ రంగున్నవి, విడివిడిగా తేలేవి.

తర్వాత 1830లో లిస్టర్ అనే ఆయన కటకాల తప్పులను ఒకదానితో ఒకటి కొట్టేయించాడు. 1838లో మొక్కలన్నీ కణాలేనని ష్లైడన్, మరుసటేడు జంతువులూ అంతేనని ష్వాన్ అన్నారు. వరుస గమనించారా?

గీతే ఆనవాలన్న ఈ సూత్రమే తర్వాత మలేరియా క్రిమినీ పట్టిచ్చింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట చూస్తున్నాడు. చెమటకు మరలు తుప్పుపట్టి, కంటి దగ్గరి కటకం పగిలిన సూక్ష్మదర్శిని అది. సుమారు 12 మైక్రాన్ల గుండ్రని గీత కనబడింది. దోమ పొట్ట కణానికి అంత పదునైన అంచు ఉండదని ఆయన కన్నుకు తెలుసు. లోపల మలేరియా క్రిమికి ఉండే నల్లరంగు రేణువులున్నాయి. మర్నాడు ఇంకో దోమలో చూస్తే ఆ గుండ్రని కణాలు పెరిగి ఉన్నాయి.